వాకిలంతా సిమెంటేనా?



క్రిస్మస్ పండుగకు రెండు మూడు నెలల ముందు నుండి ఇళ్ళకు సున్నాలు, రంగులు మొదలవుతాయి. ఆ రోజుల్లో నేను ఏ ఇంటిని దర్శించినా ఒకే ప్రశ్న ఎదురవుతుంది. "అయ్యగారూ, ఈసారి వాకిలి సిమెంటు చేయిద్దామనుకుంటున్నాం, ఎన్ని బస్తాలు పడతాయి?" దానికి లెక్క చెప్పడం సులువే. మూడంగుళాల మందాన, ఒకటి రెండు నాలుగు పాళ్ళలో కంకర కాంక్రీటు వేస్తే 100 చదరపు అడుగులకు నాలుగున్నర బస్తాల వరకు పడతాయి. మూడు సెంట్ల వాకిలి అయితే అరవై బస్తాల దగ్గరకు వస్తుంది. ఇసుక, కంకర, కూలి వేరు. కానీ వాకిలంతా వేయాలా అన్నది ఎవరూ అడగరు.

ఒక సహోదరి మాత్రం అడిగింది. ఆమె ఉత్తరంలోని సంగతి ఇది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కొడుకు డబ్బు పంపాడు. ఇంటి ముందున్న స్థలమంతా సిమెంటు చేయించి, డజను ప్లాస్టిక్ కుర్చీలు, ఇనుప ఊయల కొనాలని అతని కోరిక. ఆకులు రాలి చెత్త పడుతుందని వేపచెట్టు కొట్టించమన్నాడట. డెబ్బై ఎనిమిదేళ్ళ మామగారు, "చెట్టు కొడితే నా మంచం ఎక్కడ వేస్తారమ్మా?" అని ఒక్క మాట అడిగి ఊరుకున్నారు. ఆ రోజు నుండి ఆయన కొడుకుతోనూ మనవడితోనూ సరిగా మాట్లాడటం లేదు. "ఎవరి మాట వినాలో తెలియడం లేదు అయ్యగారూ" అని ఆమె రాసింది. ఆ ఇంటి తగవు తీర్చడానికి నేను పెద్దమనిషిని కాను. నేల గురించి, కూర్చునే వస్తువుల గురించి నాకు తెలిసినది చెబుతాను. సంఘ కాపరి అన్న తరువాత రకరకాల వాకిళ్ళు తొక్కాలి, రకరకాల కుర్చీల్లో కూర్చోవాలి గనుక ఆ విషయంలో నాకు కొంత అనుభవం ఉన్నది.

ముందు నీటి లెక్క చూడండి. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది ఒక లీటరు. ఒక సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. మూడు సెంట్ల వాకిలి మీద 20 మిల్లీమీటర్ల వాన ఒక్కటి పడితే 2,400 లీటర్లు. మట్టి నేల అయితే అందులో కొంత ఇంకుతుంది, కొంత ఆవిరవుతుంది, మిగిలినది పారుతుంది. సిమెంటు నేల అయితే దాదాపు అంతా బజారులోకి, లేదంటే పక్కింటి గోడలోకి పోతుంది. పల్లెల్లో అన్నదమ్ముల ఇళ్ళ మధ్య గొడవలు ఎన్ని ఈ వాన నీటి దగ్గరే మొదలయ్యాయో మీకు నేను చెప్పనక్కరలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా కష్టంగా పడే అనంతపురం వంటి చోట, ఒక్క సెంటు నేల మీద పడే ఏడాది వాన 22,000 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగింటికి పైన. బోరు ఎండిపోయిందని ట్యాంకరు కోసం బిందెలు వరుస పెట్టే ఊళ్ళోనే ఈ నీటిని మనం చేజేతులా వీధిలోకి పంపుతున్నాం.

అలాగని సిమెంటే వద్దని నేను అనను. వడ్లు, కందులు, మిరపకాయలు ఆరబోసుకునే ఇంటికి గట్టి నేల కొంత కావాలి. మట్టిలో ఆరబోసిన ధాన్యంలో రాళ్ళు ఏరుకోవడం ఎంత పనో ఆడవారికి తెలుసు. గిన్నెలు తోమే చోట, బట్టలు ఉతికే చోట, గుమ్మం నుండి వీధి గేటు వరకు నడిచే దారి, ఈ మూడూ గట్టిగా ఉండాలి. అక్కడ వేయించండి. పది అడుగులకు రెండున్నర అంగుళాల వాలు పెట్టి, ఆ వాలు గోడ వైపు కాక చెట్ల వైపు తిప్పమని మేస్త్రీకి ముందే చెప్పండి. వేసిన తరువాత చెబితే అతడు నవ్వి ఊరుకుంటాడు. పైన మరీ నున్నగా తాపీ తిప్పనివ్వకండి. తడిసిన నున్నని సిమెంటు మీద జారిపడి తుంటి ఎముక విరిగిన వృద్ధులను మనం ఆసుపత్రిలో చూస్తూనే ఉన్నాం గదా.

కూర్చునే చోటుకు సిమెంటు కన్నా రాయి మంచిది. పల్నాడు వైపు మాచర్ల నాపరాళ్ళు, కర్నూలు వైపు బేతంచెర్ల రాళ్ళు, తెలంగాణలో తాండూరు, షాబాదు రాళ్ళు, రాయలసీమలో కడప రాళ్ళు, ఎవరికి ఏది దగ్గరైతే అది చవక. పాలిష్ చేయనివే అడగండి. నల్లని కడప రాయి ఎండలో అట్లపెనంలా కాలుతుంది గనుక దాన్ని నీడలోనే పరచాలి. కింద ఇసుక పోసి, రాయికీ రాయికీ మధ్య రెండు వేళ్ళ సందు వదిలి మట్టితో నింపితే నీరు ఇంకుతుంది. ఆ సందులో గరిక దానంతట అదే వస్తుంది. రేపు పైపు పగిలినా రాయి లేపి బాగు చేసుకుని మళ్ళీ పెట్టుకోవచ్చు, సిమెంటు అయితే సమ్మెటతో పగలగొట్టాల్సిందే. రాయికీ శక్తి లేని వారు ఎర్రమట్టి, మొరం తోలించి, నీళ్ళు చల్లి దిమ్మిస కొట్టిస్తే చాలు. ఏటా వానలకు ముందు ఒకసారి సర్దుకోవాలి, అంతే. సన్న కంకర పరచడం ఇప్పుడు పట్నాల్లో అలవాటైంది. మన ఇళ్ళకు అది పనికిరాదు. రాలిన ఆకు చీపురుకు రాదు, ముసలివారి చేతికర్ర దిగబడుతుంది, చెప్పులు లేని పిల్లల కాళ్ళు కాలుతాయి.

మిగిలిన నేలకు పచ్చదనం కావాలంటే నర్సరీలో చదరపు ముక్కలుగా అమ్మే పచ్చిక జోలికి పోకండి. ఎండాకాలంలో అది చదరపు మీటరుకు రోజుకు ఐదారు లీటర్ల నీరు తాగుతుంది. ఒక సెంటు పచ్చికకు రోజుకు 200 లీటర్లకు పైనే కావాలి. పశువులకు తాగునీరు చాలని ఊళ్ళో అది మనకు తగదు. ఎండ తగిలే చోట మన గరికే చాలు. గంగవాయిలి కూర పాకనివ్వండి, నేల కప్పుతుంది, పప్పులోకి పనికివస్తుంది. చిలగడదుంప తీగ ఒక్క వర్షాకాలంలో అర సెంటు కప్పేస్తుంది, కాకపోతే దుంప ఊరే వేళకు పందికొక్కులు కనిపెట్టి ఉంటాయి. స్నానాల గది నీరు పోయే తడి చోట పొన్నగంటి కూర, పుదీన, చేమ వేసుకోవచ్చు. పసుపు పూలు పూచే వెడెలియా అనే తీగ ఒకటి చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది, ఎవరో ఒకరు కొమ్మ ఇస్తారు. తీసుకోకండి. ప్రపంచంలో అతి చెడ్డ దురాక్రమణ జాతులని చెప్పే వంద పేర్లలో అదీ ఒకటి. కాలువ గట్టుకు పాకిందంటే దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

అసలు ఏమీ వేయకుండా వదిలేస్తే వచ్చేది వయ్యారిభామ. 1950ల మధ్యలో పూణె దగ్గర గుర్తించిన ఆ కలుపు ఈనాడు లేని ఊరు లేదు. దురదలు, ఆయాసం తెస్తుంది. పూత రాకముందే, చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని వేళ్ళతో సహా పీకాలి.

ఇక వేపచెట్టు. ఆకు రాలడమన్నది ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొన్ని వారాల ముచ్చట. ఎండలు ముదిరేసరికి మళ్ళీ చిగురు వేసి నీడ ఇస్తుంది. జూన్, జూలైలలో పండ్లు రాలి ఈగలు ముసురుతాయి, నిజమే. ఆ గింజలు ఏరి ఎండబెట్టుకుంటే, ఐదు కిలోల పప్పు దంచి నూరు లీటర్ల నీటిలో కలిపిన కషాయం పొలంలో పురుగుకు వాడుకోవచ్చు. రాలిన ఆకును తగలబెట్టక మొదలుకు రెండడుగుల దూరంగా గుండ్రంగా పోస్తే తేమ నిలుస్తుంది. చెట్టు ఉంచి, మొదలు దాకా సిమెంటు పోయించే వారూ ఉన్నారు. అది గొడ్డలి వాడకుండా చెట్టును చంపడమే. వేరుకు నీరూ గాలీ అందాలి. ఆరేడు అడుగులైనా చుట్టూ మట్టి వదలండి.

కూర్చునే వస్తువుల సంగతికి వద్దాం. ప్లాస్టిక్ కుర్చీ తేలిక, చవక, కడిగితే శుభ్రం, నేనేమీ కాదనను. అయితే ఎండలో పడి ఉన్న కుర్చీ రెండు మూడేళ్ళకు రంగు వెలిసి, గీరితే తెల్లని పొడి రాలుతుంది. ఆ స్థితికి వచ్చినది ఎప్పుడు విరిగేదీ చెప్పలేం. అటువంటిది వృద్ధులకు వేయకండి. కొనేటప్పుడు చేతితో లేపి బరువు చూడండి, కాళ్ళు వెడల్పు చేసి నొక్కి చూడండి. చేతులున్న కుర్చీయే కొనండి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు లేవాలంటే చేతికి పట్టు కావాలి, కూర్చునే ఎత్తు పదిహేడు పద్దెనిమిది అంగుళాలు ఉండాలి. తడి నున్నని నేల మీద ఈ కుర్చీల కాళ్ళు జారి విడిపోతాయి, అదీ గుర్తుంచుకోండి. ఇనుప ఊయల సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో త్వరగా తుప్పు పడుతుంది. ఏటా ఎర్ర ప్రైమరు, దాని మీద రంగు వేసే ఓపిక ఉంటేనే కొనాలి. రాతి బల్ల ఒకటి చెట్టు కింద వేయించుకుంటే తరతరాలు ఉంటుంది, ఎవరూ ఎత్తుకుపోరు.

వీటన్నిటిలో నా ఓటు మంచానికే. వేప కర్ర కోళ్ళు, పట్టెలు, నులక అల్లిక. మధ్యాహ్నం కూర్చోవడానికీ అదే, రాత్రి పడుకోవడానికీ అదే, నలుగురు వస్తే సోఫా కూడా అదే. మామిడి కర్రతో చేయిస్తే పురుగు తొలిచేస్తుంది. నూలు నవారు వానకు తడిస్తే కుళ్ళుతుంది గనుక లోపల వేయాలి. ప్లాస్టిక్ నవారు తడిసినా పాడవదు గానీ వేసవిలో వీపు చెమట పడుతుంది. నులక సాగి గుంట పడితే కాళ్ళ వైపు తాడు బిగించుకోవాలి, లేకపోతే నడుము నొప్పులే. నల్లులు పడితే నడివేసవి ఎండలో నిలబెట్టి మరిగే నీళ్ళు పోయండి.

మంచం గురించి ఇంత చెప్పడానికి మరో కారణం ఉన్నది. వేసవి రాత్రుల్లో ఆరుబయట నేల మీద చాప వేసుకుని పడుకునే వారిని కట్లపాము కరవడం మన పల్లెల్లో మామూలు. దాని కాటు నొప్పి తెలియదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లవారి కడుపునొప్పి, రెప్పలు వాలడం చూసి ఏదో జబ్బనుకుంటారు. ఎత్తైన మంచం, దాని మీద పరుపు కిందికి దోపిన దోమతెర, ఇవి రెండూ ఉంటే ఆ ప్రమాదం చాలా తగ్గుతుంది. కట్టెల మోపు, ఇటుకల కుప్ప మంచానికి దూరంగా పెట్టండి. అనుమానం వస్తే మంత్రగాని దగ్గరకు కాదు, తాడు బిగించి కట్టడం కాదు, వెంటనే విరుగుడు మందున్న ఆసుపత్రికి తీసుకుపోండి.

డజను కుర్చీలు ఎందుకని అడిగితే, "ఇంట్లో ప్రార్థన కూడిక పెడితే కావాలి గదా అయ్యగారూ" అంటారు. ఏడాదికి రెండుసార్లు జరిగే దానికి షామియానా వారి దగ్గర అద్దెకు తెచ్చుకోవచ్చు, లేదా చాపలు, పట్టాలు పరచుకోవచ్చు. వృద్ధులకు, గర్భిణీ స్త్రీలకు నాలుగు కుర్చీలుంటే చాలు. మమ్రేలో అబ్రాహాము తన అతిథులను చెట్టు కిందనే కూర్చోబెట్టాడు. అయితే ఒక మాట. మండలం నుండి ఆఫీసరు వస్తే లోపలి నుండి కొత్త కుర్చీ తెచ్చి, మన పొలంలో కూలికి వచ్చిన మనిషి వస్తే మెట్టు చూపించే ఇళ్ళు మన సంఘాల్లోనూ ఉన్నాయి. యాకోబు పత్రిక రెండవ అధ్యాయం ఈ కుర్చీల సంగతే మాట్లాడుతుంది. ఉన్నవి నాలుగే అయినా అందరికీ అవే వేయండి.

సెంటున్నర కాలనీ స్థలాల్లో ఇల్లు కట్టుకున్న వారు, మాకు ఇంత వాకిలి ఎక్కడిదని అనవచ్చు. వారికి గోడ వారగా అరుగు ఒక్కటి చాలు. దాని ముందు మూడడుగుల మట్టి వదిలి ఒక మునగ మొక్కో కరివేపాకో పెట్టుకోండి.

ఉత్తరం రాసిన సహోదరికి నేను చెప్పేది ఇది. మేస్త్రీని పిలవక ముందు ఒక ఆదివారం, కొడుకు ఊరు వచ్చినప్పుడు, మామగారి మంచం ఎక్కడ పడాలో ఆయననే అడిగి అక్కడ వేయండి. మధ్యాహ్నం ఒంటిగంటకు, మళ్ళీ నాలుగు గంటలకు చెట్టు నీడ ఎక్కడ దాకా వస్తుందో మనవడి చేతనే ముగ్గుతో గీత గీయించండి. ఆ గీత లోపల రాళ్ళో మట్టో. గేటు దాకా దారి, కళ్ళం, తోమే చోటు సిమెంటు. మూడు సెంట్లలో ఒక సెంటు దాటదు, ఇరవై బస్తాలతో తీరుతుంది. మిగిలిన డబ్బులో మంచి మంచం ఒకటి, చేతుల కుర్చీలు నాలుగు వస్తాయి.

రాళ్ళ పని వేసవిలోనే ముగించుకుని, మొక్కలు, తీగలు తొలకరి తరువాత నాటండి. నులక అల్లేవారు మీ మండలంలో ఎవరున్నారో మాత్రం ఇప్పుడే విచారించి పెట్టుకోండి. మా వైపు ఇద్దరే మిగిలారు, ఇద్దరికీ అరవై దాటాయి.