త్రాగినవానికి లాఠీ, పోసినవానికి లైసెన్సు

బారులయొద్ద త్రాగి వీథులలో తూలువారిని పోలీసువారు పట్టి లోపల వేయవలెనా యని మొన్న మా వీథియరుగుమీద నొక వాదము జరిగినది. పెద్దలందరును వేయవలసినదే యనిరి. నేనొక్కడను మిన్నకుంటిని. త్రాగుబోతులపై జాలిచేత నట్లుంటినని వారు తలచిరి. చీకటిపడిన పిమ్మట అమలాపురము బస్సుస్టాండునుండి మన ఆడుబిడ్డలు తలవంచుకొని గబగబ నడచిపోవుట చూచినవానికి అట్టి జాలి యెట్లు కలుగును? వీథి వారిదియు గదా! దానిని వారికి కాపాడి యిచ్చుట పోలీసువారి ధర్మమే.

అయినను పట్టుబడువాడెవడు? పోయినయేడు నా తరగతి బాలుడొకడు పరీక్షకు ఆలస్యముగా వచ్చెను. కారణమడుగగా, "నాన్నను విడిపించుకు రావడానికి అమ్మతో వెళ్లానండి" అనెను. తండ్రి కొబ్బరికాయలు దింపు కూలివాడు. త్రాగి కాలువగట్టున పడియుండగా పట్టుకొనిరట. బారులలో చల్లనిగదులయందు కూర్చుండి త్రాగినవారు కార్లెక్కి రావులపాలెపు దారిని పోవుచునే యున్నారు. గట్టున పడినవాడు తన యిల్లు చెరుపుకొనును. చక్రము పట్టినవాడు పరుల యిండ్లు చెరుపును. నూరు మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాముల మద్యము మించరాదని మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. ఆ ఊదుడు యంత్రమును బారు గుమ్మముననే యేల నిలుపరాదు?

1860 నాటి శిక్షాస్మృతిలో బహిరంగముగా త్రాగి అల్లరిచేయువానికి 24 గంటల ఖైదో, పదిరూపాయల జుల్మానాయో యుండెను. 2024 జూలై 1 నుండి అమలైన న్యాయసంహిత 355వ సెక్షనులో జుల్మానా వేయిరూపాయలవరకు పెరిగినది. సమాజసేవయు శిక్షగా చేరినది. కాలువగట్టు ఊడ్పించుట మంచిదే. వేయిరూపాయలు మాత్రము త్రాగినవాడు చెల్లింపడు, వాని భార్య చెల్లించును.

కచుని కథ మనకందరకు తెలిసినదే. అసురులు కచుని చంపి, కాల్చి, ఆ బూడిదను మద్యమున కలిపి శుక్రాచార్యునకు పోసిరి. అంతట శుక్రుడు త్రాగువారు పాపులగుదురని కట్టడి చేసెను. కలిపి పోసినవారికి ఆ కట్టడిలో శిక్ష యేమియు లేదు! మన చట్టములును అట్లే నడచుచున్నవి.

మద్యనిషేధమునకు ప్రయత్నింపవలెనని రాజ్యాంగపు 47వ అధికరణము చెప్పుచుండగా, 2019 అక్టోబరు మొదలు ఐదేండ్లు ప్రభుత్వమే కొట్లు పెట్టి అమ్మినది; 2024 అక్టోబరులో లాటరీ తీసి 3,396 దుకాణములను ప్రైవేటువారి కిచ్చినది. నేను సంపూర్ణ నిషేధమును కోరుటలేదు. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన ఉద్యమముచేత 1993లో సారా పోయినది. 1995 జనవరిలో సర్వమద్యము నిషేధింపబడినది. 1997లో ఆ నిషేధము సడలినది. మన కోనసీమవారి సంగతి చెప్పనేల? గౌతమి కావలనున్న యానాము పుదుచ్చేరి పాలనలోనిది. ఈ యొడ్డున నిషేధమున్నను ఆ యొడ్డున అంగడి తెరచియే యుండును.

నేను కోరునది చిన్నది. లాఠీ మొదట అమ్మువాని గుమ్మముకడకు పోవలెను. 21 ఏండ్లు నిండని పిల్లలకు అమ్మినవాని లైసెన్సు ఊడవలెను. తూలుచున్నవానికి మరల పోసినవాడు, ఆ త్రాగినవాడు చేసిన అల్లరికి తానును జవాబుదారి కావలెను. ఇట్లు చేసిన పిమ్మట కొబ్బరికూలివానిని పట్టుకొనినచో నేను కాదనను.

ఈ మాటలు ఆనాడు అరుగుమీదనే యేల చెప్పలేదని మీరడుగవచ్చును. అందరికంటె గట్టిగా లాఠీ, లాఠీ యని కేకలు వేసినవారి బావమరదికే ఆ లాటరీలో దుకాణము వచ్చినది. అరుగు వారిది, అప్పుడు నాచేతిలోని కాఫీయు వారింటిదే.