పాతాళం నుంచి వచ్చిన రాయి

పిల్లలూ! పల్నాటిలో వినుకొండకు దాపున నూజెండ్ల అనే ఊరు ఉంది. ఆ ప్రాంతంలో గ్రానైటు రాయికి కరువు లేదు. "భూమిని ఎంత లోతు తవ్వినా ఈ రాయే వస్తుందా?" అని అక్కడి పిల్లవాడెవడైనా అడిగితే ఏం చెబుతారు?

రాదు. మనం నిలబడ్డ పై పొర పేరు భూపటలం. దాని మందం సుమారు 35 కిలోమీటర్లు. దాని కింద, 2,900 కిలోమీటర్ల లోతు దాకా, ప్రావారం అనే మరో పొర ఉంది. అంత లోతు తవ్వి చూసినవారు లేరు. సోవియట్ రష్యాలోని కోలా అనే చోట 1970లో బోరు వేయడం మొదలుపెట్టి, 1989కి 12,262 మీటర్లు దిగారు. లోపలి వేడికి ఆపైన సాగలేదు.

మనిషి లోపలికి పోలేకపోయినా, లోపలి రాయి పైకి వచ్చింది! వినుకొండలో రైలెక్కి పడమరగా గుంతకల్లు చేరితే, అక్కడికి దగ్గరలోనే వజ్రకరూరు ఉంది. సుమారు 110 కోట్ల ఏళ్ళ క్రితం, 150 కిలోమీటర్లకు పైగా లోతున కరిగిన శిలాద్రవం, వాయువులతో కలిసి, గోలీ సోడా పొంగినట్టు పైకి తన్నుకు వచ్చింది. అది గడ్డకట్టగా ఏర్పడ్డదే కింబర్లైటు. వస్తూ వస్తూ అది దారిలోని ప్రావారపు రాళ్ళను కూడా పెళ్ళగించి మోసుకు వచ్చింది.

ఆ రాళ్ళలో విశేషమేమిటంటే, మెగ్నీషియం. గ్రానైటును 100 పాళ్ళు చేస్తే అందులో మెగ్నీషియం ఆక్సైడ్ ఒక పాలు ఉండడమే గొప్ప. ప్రావారపు రాతిలో సుమారు 40 పాళ్ళుంటుంది. ఎందుకని? అమ్మ వెన్న కాచేటప్పుడు చూశారు కదా! నెయ్యి కరిగి పైకి తేలుతుంది. గసి అడుగున మిగులుతుంది. ప్రావారం వేడెక్కినప్పుడు కూడా సులభంగా కరిగే భాగం పైకి పోతుంది. కరగడానికి మొరాయించే మెగ్నీషియం ఎక్కువగా లోపలే నిలిచిపోతుంది. అది ఇనుము, సిలికాన్, ఆక్సిజన్‌లతో కలిసి ఆలివిన్ అనే ఆకుపచ్చని ఖనిజంగా ఉంటుంది. పైకి వచ్చాక నీరు తగిలితే, ఈ ఆలివిన్ సర్పెంటైన్ అనే మెత్తని ఖనిజంగా మారుతుంది.

కింబర్లైటు మోసుకు వచ్చే మరో సరుకు వజ్రం. అది నెమ్మదిగా వస్తే, దారిలోనే పెన్సిల్ ములుకులోని గ్రాఫైటుగా మారిపోయేది! కొన్ని గంటల్లోనో, రోజుల్లోనో పైకి చేరింది గనుక దక్కింది. పల్నాటిలో ఒకప్పుడు కృష్ణ ఒడ్డున ఉండిన కొల్లూరులో వెనుకటి రోజుల్లో వజ్రాలు తీసేవారు. 17వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. అవి రాతిని పగలగొట్టి తీసినవి కావు. ఏటి గులకల్లో దొరికినవి. తల్లిరాయి చితికిపోయినా, గట్టిదైన వజ్రం నీళ్ళలో కొట్టుకు వచ్చి కూడా అరగక మిగిలింది.

ఇప్పటికీ తొలకరి పడగానే వజ్రకరూరు చుట్టుపక్కల పొలాల్లో జనం వజ్రాల కోసం వెతుకుతారు. వారి కళ్ళన్నీ మెరిసే రాయి మీదే. శాస్త్రజ్ఞులు మాత్రం దాని పక్కనున్న మెరవని పచ్చరాతిని ముందు జేబులో వేసుకుంటారు. ఎందుకో మీకిప్పుడు తెలిసింది కదా!