డికాషన్‌లో పుట్టగొడుగు

మా మేనల్లుడు డాలస్ నుంచి వస్తూ పుట్టగొడుగుల కాఫీ పొట్లం తెచ్చాడు. ‘మామయ్యా, ఇది తాగితే ఏకాగ్రత కుదురుతుంది, మతిమరుపు దగ్గరికి రాదు’ అన్నాడు. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే నాకు ఆశ పుట్టదా మరి? మట్టిరంగు పొడి, వానకు తడిసిన గడ్డివాము వాసన. రుచి మాత్రం అచ్చం రెండో డికాషనే. అట్ట వెనక లయన్స్ మేన్, చాగా అనే పుట్టగొడుగులు కలిపామని రాశారు కానీ ఏది ఎంతో రాయలేదు. నా పేచీ అక్కడే. లయన్స్ మేన్ గురించి చెప్పేవాళ్లు తరచూ చూపించేది 2009లో వచ్చిన జపాన్ పరిశోధన. మతిమరుపు కాస్త మొదలైన, 50 నుంచి 80 ఏళ్ల లోపు వాళ్లు 30 మంది. అందులో సగం మందికి 16 వారాలపాటు రోజుకు 3 గ్రాముల చొప్పున మాత్రలు ఇచ్చారు, కాఫీ కాదు. మతిమరుపు పరీక్షలో వాళ్ల మార్కులు పెరిగిన మాట నిజమే. మాత్రలు ఆపిన నాలుగు వారాలకే తగ్గుముఖం పట్టాయి. ఆ ముప్పై మందిని చూపించి ఊరందరికీ కాఫీ అమ్మితే ఎలా? ఇక చాగా అంటారా, రెండో ప్రపంచ యుద్ధంలో కాఫీ దొరక్క ఫిన్లండ్ వాళ్లు మరిగించుకు తాగింది. దాంట్లో ఆక్సలేట్లు ఎక్కువ. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు జోలికి పోకపోవడమే మంచిది. అట్ట మీద ఆ ముక్క లేదు. తాగాక చురుకు పుట్టిందా అంటే, పుట్టింది. అందులో కాఫీ కూడా ఉందిగా!