డబ్బాలో వచ్చిన నంబర్‌ని నమ్మొచ్చా?

‘కాఫ్కా మీద సెకనుకి ఇన్ని లక్షల మెసేజ్‌లు పంపాను’... ఇంటర్వ్యూకి వచ్చే రెజ్యూమెల్లో ఈ లైన్ తరచూ చూస్తుంటా. ఎక్కడ టెస్ట్ చేశావంటే, ‘లాప్‌టాప్‌లో, డాకర్ కంటైనర్‌లో సార్’ అంటారు. నంబర్ అబద్ధం కాదు. కానీ అది కాఫ్కా స్పీడా, డబ్బా స్పీడా? అసలు ప్రశ్న అక్కడే ఉంది.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. కిరాణా కొట్టు చిట్టాలాగా, జరిగిన ప్రతిదాన్నీ వరసగా కింద కింద రాసుకుంటూ పోయేదే కాఫ్కా. లింక్డిన్‌లో పుట్టి, 2011లో ఓపెన్ సోర్స్ అయింది. ఒకే చిట్టాని వేర్వేరు మెషీన్లలో కాపీలుగా దాచుకోవడం దీని బలం. కంటైనర్ అంటారా, అది వేరే మెషీన్ కాదు. ఉన్న మెషీన్‌లోనే గిరి గీసి ‘నీ వాటా ఇంతే’ అని చెప్పడం.

ఆ గిరిలోనే తిరకాసు ఉంది. కంటైనర్‌కి ఒక్క సీపీయూ లిమిట్ పెట్టామనుకోండి. లైనక్స్ మామూలుగా 100 మిల్లీసెకన్ల లెక్కన వాటా పంచుతుంది. నాలుగు కోర్ల మీద నాలుగు థ్రెడ్లు ఒకేసారి పరిగెడితే, ఆ వాటా 25 మిల్లీసెకన్లలోనే అయిపోతుంది. మిగతా 75 చేతులు కట్టుకుని కూర్చోవడమే! బయటికి మాత్రం ‘కాఫ్కా స్లో’ అనిపిస్తుంది.

దీనికి రివర్స్ కూడా ఉంది. కాఫ్కా మెసేజ్‌ని ముందు మెమరీలో పెడుతుంది, డిస్క్‌కి తర్వాత చేరుతుంది. రెండు నిమిషాల టెస్ట్ అయితే మీరు కొలిచింది డిస్క్‌ని కాదు, ర్యామ్‌ని. డేటా మెమరీని దాటేదాకా నడపాల్సిందే. మూడు బ్రోకర్లని ఒకే లాప్‌టాప్‌లో పెడితే ముగ్గురికీ ఒకే డిస్క్, మధ్యలో నిజమైన నెట్‌వర్క్ లేదు. పేరుకే డిస్ట్రిబ్యూటెడ్!

సగటుని అస్సలు నమ్మకండి. 98 మెసేజ్‌లు 2 మిల్లీసెకన్లలో, రెండు మాత్రం 400లో చేరాయనుకుందాం. సగటు 10 కూడా దాటదు. ఆ ఇద్దరు యూజర్ల తిట్లు పీ99లోనే కనిపిస్తాయి. కాఫ్కాతో వచ్చే పెర్ఫ్ టెస్ట్ టూల్ దాన్ని ఫ్రీగానే చూపిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం ‘యాక్స్’ సెట్టింగ్. దాన్ని 0 చేస్తే మెసేజ్ చేరిందో లేదో కూడా అడగకుండా పంపేస్తారు. గ్రాఫ్ ఆకాశంలో ఉంటుంది. 1 పెడితే లీడర్ ఒక్కడు ఊ అంటే చాలు. కాపీ అయ్యేలోపు ఆ మెషీన్ పడిపోతే మెసేజ్ గోవిందా. అది ఎవరిదో పేమెంట్ అయితే? 2021లో వచ్చిన 3.0 నుంచి డిఫాల్ట్‌గానే ‘ఆల్’ పెట్టారు, సింక్‌లో ఉన్న కాపీలన్నీ రాసుకున్నాకే ఓకే.

అలాగని లాప్‌టాప్ టెస్ట్ దండగ కాదు. సెట్టింగ్ మార్చి, అదే డబ్బాలో ముందూ వెనకా పోల్చుకోవడానికి అది బంగారం. పండగ సేల్‌కి ఎన్ని సర్వర్లు కావాలో మాత్రం దాన్ని అడక్కండి. రెజ్యూమెలో నంబర్ పక్కనే సీపీయూ, మెమరీ, యాక్స్, ఎంతసేపు నడిపారు... ఈ నాలుగూ రాయండి. స్పీడ్ కాస్త తక్కువున్నా సరే, అలాంటి రెజ్యూమెనే నేను ముందు తీస్తా.