కెర్నెల్ విద్యయు మన కళాశాలలును

చదువదగిన గ్రంథమును చదువరాదని శాసించుట పరపాలన చవిచూచిన మన జాతికి క్రొత్త గాదు. గణకవిద్యయందును అట్టి నిషేధము నడచినదని మన పాఠకులలో పెక్కురెఱుగరు.

గణకయంత్రమునకును మనము వాడు కార్యక్రమములకును నడుమ నుండి, ఏ పని ఎంతసేపు నడువవలెనో, జ్ఞాపకస్థానమున ఎవరికెంత చోటీయవలెనో నిర్ణయించు మూలభాగమే కెర్నెల్. చెఱువు నీటిని వంతుల చొప్పున పొలములకు వదలు గ్రామసేవకుని పని వంటిదది. 1976లో ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్సు విశ్వవిద్యాలయమున జాన్ లయన్సు అను ఆచార్యుడు సుమారు 9,000 పంక్తుల యూనిక్సు కెర్నెల్‌ను వ్యాఖ్యానసహితముగ బోధించెను. 1979లో వెలువడిన ఏడవ కూర్పుతో, యజమానులగు ఎ.టి. అండ్ టి. కంపెనీవారు ఆ మూలమును తరగతులలో బోధింపరాదని లైసెన్సున షరతు విధించిరి. లయన్సు వ్యాఖ్యానము నకళ్లుగా చేతులు మారుచు బ్రతికి, 1996లో గాని బహిరంగముగ అచ్చుపడలేదు.

ఆ నిషేధమునకు సమాధానముగ ఆమ్‌స్టర్‌డామున టానెన్‌బామ్ ఆచార్యుడు బోధనకై మినిక్సును స్వయముగ వ్రాసి, 1987లో పాఠ్యగ్రంథముతో వెలువరించెను. దానిని చదివిన హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు 1991లో, ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున, లినక్సును ప్రకటించెను. మఱుసటి యేట దానిని జి.పి.ఎల్. లైసెన్సు క్రిందికి తెచ్చెను. ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. మార్చి పంచువాడు మాత్రము మూలమును దాచరాదు. ఒకరి స్వత్వమును కాపాడు చట్టముతోనే అందఱి హక్కును కాపాడిన యీ పత్రము న్యాయవాదులకును పఠనీయము. నేడు ఆండ్రాయిడు ఫోనులలో నున్నది ఆ లినక్సే. 2017 నవంబరు నుండి ప్రపంచమందలి అగ్రశ్రేణి 500 మహాగణకములన్నింటిని నడుపునదియు నదియే.

తెలుగునాట స్వేచ్ఛ సంస్థవారు డెబియన్ ఆధారముగ తెలుగు వ్యవస్థను కూర్చిరి. ఇది శ్లాఘ్యము. ముఖము తెలుగైనది, క్రింది కెర్నెల్ లోకమెల్ల పంచుకొన్న లినక్సే. అందు దోషమేమియు లేదు. దానిని చదివి దిద్దగలవారు మనలో నెందఱనునదే ప్రశ్న.

మేమెఱిగిన విద్యార్థి యొకడు తన ల్యాబు రికార్డును మాకు చూపెను. నిర్వచనములు నిర్దుష్టములు, స్వయముగ వ్రాసిన పంక్తి యొక్కటియు లేదు. పై తరగతివాని రికార్డుకు నకలట! తప్పు కుఱ్ఱవానిది మాత్రమే కాదు. మార్కులతో తృప్తిపడు మనదియును.

ఉద్యోగమున కిది యక్కఱకు వచ్చునా యని తలిదండ్రులడుగుట సహజము. పనిముట్లు నాలుగేండ్లకొకసారి మారుచుండును. లయన్సు బోధించిన మూలసూత్రములు నేటికిని చెల్లుచున్నవి. మూలమెఱిగినవానికి క్రొత్త పనిముట్టు భారము గాదు. పొందూరు స్త్రీలు వాలుగ చేప దవడతో ప్రత్తిని ఏకుట మొదలు సన్నని నూలు వడకుట వఱకు ప్రతి మెట్టును ఎఱిగియుండుటచేతనే గదా ఆ ఖద్దరుకు అంత ఖ్యాతి!

వ్యయమను సాకును చెల్లదు. అమెరికాలోని ఎం.ఐ.టి.వారు 2006లో బోధనకై రూపొందించిన ఎక్స్‌వి6 అను చిన్న కెర్నెల్ పాఠ్యగ్రంథముతో సహా ఉచితముగ లభించును. సామాన్య గణకముపై నడచును. శ్రీకాకుళ, విజయనగర మండలముల కళాశాలలు దానిని ఒక అర్ధసంవత్సరము చదివించి, ప్రతి విద్యార్థిచేతను పది పంక్తులైన మార్పించి నడిపింపవలెను. పఠనమందిరములు ఆ గ్రంథమును తెప్పించి యుంచవలెను.

నిషేధమున్న దినములలో విద్యార్థులు చదువుటకై నకళ్లు తీసిరి. నిషేధము లేని యీ దినములలో మన విద్యార్థులు చదువకుండుటకై నకళ్లు వ్రాయుచున్నారు. ఈ యవమానమును తొలగించుట మన చేతిలోని పని.