రాత్రి సంగతి కూడా అడగండి, డాక్టరుగారూ

ప్రభుత్వాసుపత్రుల్లో నైట్ డ్యూటీ చేసిన నర్సులందరికీ తెలిసిన వాక్యం ఒకటుంది. పొద్దున్నే డ్యూటీ అప్పగించే ముందు రిపోర్టు పుస్తకంలో మంచం నంబర్ల ఎదురుగా రాసేది: 'రాత్రి బాగా నిద్రపోయారు.' జ్వరం, నాడి, బీపీ కొలిచి రాస్తారు. నిద్రను ఎవరూ కొలవరు. మూలుగు వినపడకపోతే నిద్రపోయినట్టే లెక్క. కీళ్లవాతం ఉన్నవాళ్లు మూలగరు. కదిలితే నొప్పి కాబట్టి కదలకుండా, కళ్లు తెరుచుకునే పడుంటారు. వార్డు గుమ్మంలోంచి చూస్తే హాయిగా పడుకున్నట్టే కనిపిస్తారు.

నర్సు ఉద్యోగంలో ఉండగానే నాకూ ఆ కీళ్లవాతమే, రుమటాయిడ్ ఆర్థరైటిస్, వచ్చింది. మణికట్లు, వేళ్ల కణుపులు, కాలి మడమలు. మాది ఏలూరు, దోమతెర లేకుండా పడుకోగలిగిన ఊరు కాదు. రాత్రి రెండు దాటాక మెలకువ వస్తుంది. బాత్రూముకి వెళ్లాలంటే ముందు పరుపు కిందికి దోపిన తెర అంచు లాగాలి. దానికి వేళ్లు మడత పడాలి. ఆ వేళకి అవి మడత పడవు. మోచేత్తో తెర ఎత్తి, భుజం దూర్చి బయటపడతాను. తిరిగొచ్చి మళ్లీ తెర దోపేసరికి ఒంట్లో ఉన్న కాస్త మగతా ఎగిరిపోతుంది. దోపకుండా వదిలేస్తే దోమలు. పక్కన పడుకున్న మావారిని లేపొచ్చు, లేపమనే అంటారాయన. రోజూ అదే పనిగా ఒక మనిషిని ఎలా లేపుతాం? దుప్పటి బరువు కూడా కాలివేళ్లకి తెలుస్తుంది. మంచినీళ్ల సీసా మూత రాత్రి పడుకునేటప్పుడే వదులు చేసి పెట్టుకోవాలి.

పెద్ద డాక్టరుగారి దగ్గరికి వెళ్తే ఎన్ని కీళ్లు వాచాయో నొక్కి చూస్తారు. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షల రిపోర్టులు చూస్తారు. పొద్దున్న బిగుతు ఎంతసేపుంటోందని అడుగుతారు. అది మంచి ప్రశ్నే. అరుగుదల వల్ల వచ్చే మోకాళ్ల నొప్పిలో ఆ బిగుతు సాధారణంగా అరగంట లోపే సడలుతుంది, మా జబ్బులో గంట దాటినా వదలదు. కానీ ఆ బిగుతు రాత్రి జరిగినదానికి తోక మాత్రమే. తల ఎక్కడుందో అడిగిన డాక్టరు నాకింకా తగల్లేదు. మందులు బాగానే ఇచ్చారు. వారానికి ఒక్కరోజు వేసుకునే మెథోట్రెక్సేట్ వల్లే ఇవాళ కలం పట్టుకుని ఇది రాయగలుగుతున్నాను. (ఈ మందు మొదలుపెట్టినవాళ్లకి ఒక మాట: వారానికి ఒక్కసారే. రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది.) మందు బాగా పనిచేసి వాపు తగ్గితే నిద్ర కూడా కొంత బాగుపడుతుంది, నిజమే. అయితే జబ్బు అదుపులోకి రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా గడపాల్సిన రాత్రుల మాటేమిటి?

నొప్పి తెల్లవారుజామునే ఎందుకు ముదురుతుందన్నది వైద్యులకు తెలియని రహస్యమేమీ కాదు. మన ఒంట్లో తయారయ్యే సహజమైన స్టెరాయిడ్ కార్టిసాల్. అది అర్ధరాత్రి వేళ బాగా తగ్గి, తెల్లారబోతుండగా పెరుగుతుంది. వాపును రగిలించే ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి పదార్థాలు రాత్రి చివరి జాముల్లో విజృంభిస్తాయి. మా ఒంట్లో వాటి జోరుకి కార్టిసాల్ చాలదు. రాత్రి పదింటికి మింగితే రెండు గంటల వేళకి లోపల విడుదలయ్యే ప్రెడ్నిసోన్ మాత్రను విదేశాల్లో ప్రత్యేకంగా తయారుచేశారంటే ఆ వేళకి ఎంత విలువుందో చూడండి. మామూలు స్టెరాయిడ్ మాత్ర సంగతి వేరు. దాన్ని పొద్దున్న టిఫిన్ తిన్నాక వేసుకోవాలి, రాత్రి వేసుకుంటే ఉన్న నిద్ర కూడా పోతుంది. ఈ ఒక్క ముక్క చీటీ మీద తెలుగులో రాసి ఇచ్చేవాళ్లు ఎంతమంది?

ఇక నిద్రలేమి తన వంతు తాను చేస్తుంది. ఆరోగ్యవంతుల్ని తీసుకొచ్చి రాత్రంతా మేలుకోబెట్టి చూసినా మర్నాడు వాళ్లకి నొప్పి తట్టుకునే శక్తి తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. నొప్పి నిద్రను చెడగొడుతుంది, చెడిన నిద్ర నొప్పిని పెంచుతుంది. అందుకే మందు నొప్పికి, నిద్ర దేవుడికి అని వదిలేయకూడదంటాను.

వదిలేస్తే ఆ ఖాళీలోకి ఎవరు వస్తారో మన ఊళ్లలో అందరికీ తెలుసు. మొదట సలహాలు వస్తాయి. 'వదినా, గసగసాలు నూరి పాలల్లో తాగు' అని మా ఆడపడుచు. జాజికాయ అని ఇంకొకరు. వీటితో పేచీ లేదు, ప్రేమతో చెప్పేవే. తర్వాత వచ్చేవాటితోనే ప్రమాదం. సందు చివర క్లినిక్కులో నొప్పుల సూది. ఏ ఊరినుంచో తెచ్చిన, పేరు లేని పొట్లాల పొడి. వేసుకున్న మొదటి రాత్రే నొప్పి మాయమై, పొద్దున్నే వేళ్లు ఆడాయంటే అందులో స్టెరాయిడ్ కలిసిందేమోనని అనుమానించాలి. ముఖం ఉబ్బి, షుగరు పెరిగి, ఎముకలు గుల్లబారాక వార్డుకి వచ్చినవాళ్లని చూశాను. డైక్లోఫెనాక్ బిళ్లలు సరేసరి, చాలా ఇళ్లల్లో ఫ్రిజ్ మీద డబ్బాలో ఉంటాయి. ఆ మందు వాడిన పశువుల కళేబరాలు తిని, మూత్రపిండాలు పాడై, రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోతే 2006లో ప్రభుత్వం పశువైద్యంలో దాన్ని నిషేధించింది. మనుషులకి అది మందే, కాదనను. కానీ డాక్టరు లెక్క లేకుండా ఏళ్ల తరబడి రాత్రి భోజనం తర్వాత ఒకటి మింగుతుంటే మన మూత్రపిండాలూ, కడుపూ ఊరుకోవు.

అన్నిటికంటే నాకు భయం ఆల్ప్రజోలం అనే మత్తు మాత్ర అంటే. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు రిజిస్టర్‌లో రాసిపెట్టుకోవాలి. అది హెచ్‌1 షెడ్యూలు మందు. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపి పట్టుబడుతున్నది కూడా ఇదే. అయినా 'నిద్ర పట్టట్లేదు బాబూ' అంటే 'ఇది సగం వేసుకోండి ఆంటీ' అని పట్టీలోంచి కత్తిరించి చేతిలో పెట్టే కుర్రాళ్లు మందుల షాపుల్లో ఉన్నారు. అది నొప్పిని తగ్గించదు, తెలివిని తగ్గిస్తుంది. అసలే పట్టు లేని కాళ్లతో, ఆ మత్తులో రాత్రి బాత్రూముకి లేచిన పెద్దవాళ్లు పడి తుంటి విరగ్గొట్టుకుంటారు. అలవాటుపడ్డాక ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

మందుల్లేని మార్గం లేదా అంటే ఉంది. దీర్ఘకాలం నిద్రపట్టనివాళ్లకి మాత్రల కంటే ముందు ఆలోచనల్నీ అలవాట్లనీ సరిదిద్దే చికిత్స చేయాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పింది. ఆ చికిత్సలో చెప్పే నియమాలివి: నిద్ర వస్తేనే మంచమెక్కాలి. ఇరవై నిమిషాలైనా పట్టకపోతే లేచి వేరేచోట కూర్చోవాలి. ఎంత రాత్రి మేలుకున్నా రోజూ ఒకే వేళకి లేవాలి. కీళ్లు బాగున్నవాళ్లు రాసిన నియమాలని చదవగానే తెలుస్తుంది, లేవడమే గండమైనవాళ్లని 'లేచి కూర్చో' అంటే ఎలా? నేను మంచం పక్కనే ఎత్తైన చేతుల కుర్చీ వేసుకున్నాను. అందులోకి జరగడం ఫర్వాలేదు. మణికట్లకి రాత్రిపూట స్ప్లింటు కట్టుకుంటాను. పక్కకి తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు. వెల్లకిలా పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు ఎంత హాయిగా ఉన్నా తీసేస్తాను, రోజూ అలా పడుకుంటే మోకాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. పడుకోబోయే ముందు వేడినీళ్ల కాపడం నాకు పనికొచ్చింది. షుగరుతో అరికాళ్లు మొద్దుబారినవాళ్లు జాగ్రత్త, కాలినా తెలియదు. వీటితో నా రాత్రి మొత్తం నిద్రగా మారిపోలేదు. తెల్లవారుజాము ముందు ఒక ముక్క నిద్ర దొరుకుతోంది, అంతే. ఆ ముక్కతోనే పగలు మనిషిలా ఉండగలుగుతున్నాను. ఇంకో సంగతి, అన్ని మెలకువలూ నొప్పివి కావు. రక్తం తక్కువైన ఆడవాళ్లలో ఇనుము లోపించి కాళ్లు పీకి, ఆడించకుండా ఉండలేకపోవచ్చు. గురకతో ఊపిరి ఆగి లేచేవాళ్లూ ఉంటారు. అడిగితేగా తెలిసేది!

ఇంటివాళ్లతో కూడా ఒక తగువుంది. ఈ జబ్బు మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. మన ఇళ్లలో తెల్లవారుజాము ఎవరి డ్యూటీ? పాలు, వాకిలి, ముగ్గు, పిల్లల క్యారేజీలు. ధనుర్మాసమైతే చలిలో పెద్ద ముగ్గులు. నొప్పి పతాక స్థాయిలో ఉండే గంటలూ, ఇల్లు ఆమె చేతుల కోసం చూసే గంటలూ ఒక్కటే. పదింటికి చేతులు సడలి ఆమె మామూలుగా తిరుగుతుంటే 'పొద్దున్న లేవడానికే బద్ధకం' అని నిర్ధారించేస్తారు. మా ఇంట్లో పొద్దుటి వంట మావారూ కోడలూ పంచుకున్నారు, సాయంత్రం వంట నాది. ఇదేమీ త్యాగం కాదు, డ్యూటీ చార్టు మార్చుకోవడం. ఏ వార్డులోనైనా చేసేదే.

ఆసుపత్రులవాళ్లకి నా విన్నపం చిన్నది. కీళ్ల నొప్పితో వచ్చినవాళ్ల ఓపీ చీటీ మీద బీపీ పక్కన ఇంకో గడి పెట్టండి: రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తోంది, మళ్లీ పడుతోందా? అడగడానికి అర నిమిషం చాలు. ఊళ్లకి వచ్చే 104 బండి దగ్గర కూడా ఈ ప్రశ్న అడగొచ్చు. మందు వేళ మార్చడమో, స్ప్లింటు ఇవ్వడమో, రక్తం పరీక్ష చేయించడమో, చేయగలిగింది చాలా ఉంది.

నాలాంటివాళ్లకి చెప్పేది ఒకటే. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు వారం రోజులు మీ మెలకువ వేళలు క్యాలెండరు గళ్లలో రాయండి. ఆ కాగితం ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టండి. ఆయన అడగకపోయినా సరే, కుర్చీలోంచి లేచేలోపు చూపించండి.