ఏది మేలైన ఆట?

పసుపు పంట చేతికి వచ్చే కాలంలో ఆర్మూరు ప్రాంతపు రైతు ఇంట వినిపించే మాటలలో అధికభాగం పోలికలే. తవ్వి తెచ్చిన పంటను ఉడికించి, ఎండబెట్టి, మెరుగు పట్టించే పనిలో అతడు కొమ్ములను, మండలను వేరు చేస్తాడు. ఆ తరువాతనే నాణ్యతను గూర్చి మాట్లాడతాడు. కొమ్మును విరిచి లోపలి రంగు చూస్తాడు. విరిగేటప్పుడు వచ్చే చప్పుడును బట్టి ఎంత ఎండినదో చెబుతాడు. కొమ్ముకు ఒక ధర, మండకు మరొక ధర. రెంటినీ ఒకే రాశిగా పోసి ఏది మంచిదని అడిగితే కొనవచ్చిన వ్యాపారి నవ్వుతాడు. పోల్చడానికి ముందు రకాన్ని ఎరగాలన్న ఈ నియమం ఎవరూ బోధించకుండానే అక్కడ అందరికీ తెలుసు.

అదే ఇంటి పిల్లలు వీడియో ఆటలను గూర్చి వాదించుకొనేటప్పుడు మాత్రం ఈ నియమం కానరాదు. 2000 తరువాతి సంవత్సరాలలో చిన్న పట్టణాలకు ఇంటర్నెట్ కేంద్రాలు వచ్చాయి. గంట లెక్కన డబ్బు చెల్లించి ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ వంటి సాహస క్రీడలు ఆడిన ఆనాటి బాలురు నేడు సంసారులు. ఒకే శ్రేణిలో వెలువడిన ఆటలలో ఏది గొప్పదన్న వివాదం నాడైనా, నేడైనా రెండు మాటలతో ముగుస్తున్నది. ఒకటి ‘సూపర్’, రెండవది ‘వేస్ట్’. పెద్దలు ఈ వాదాలను కాలహరణమని ఈసడిస్తారు. కాలహరణం ఆటలో ఎంత ఉన్నదో గాని, వాదంలో మాత్రం లేదు. ఒక పరంపరలోని కృతులను పక్కపక్కన ఉంచి చూడటం విమర్శకు తొలి మెట్టు. ఆ మెట్టు మీదనే కూలబడటం విచారించవలసిన విషయం.

ఈ శ్రేణికి మూలం 1989లో వెలువడింది. జోర్డాన్ మెక్నర్ అనే అమెరికా యువకుడు యాపిల్ 2 కంప్యూటరు కోసం దానిని రూపొందించాడు. తన తమ్ముడు పరుగెత్తడం, దూకడం వీడియో తీసి, ఆ కదలికలను ఒక్కొక్కటిగా బొమ్మలలోకి దింపాడు. ఒక గంటలోగా చెరలోని రాకుమారిని విడిపించాలి. అంతకుమించి కథ లేదు. అయితే నడుమ ఒక అద్దం వస్తుంది. కథానాయకుడు దాని గుండా దూకగానే అతని నీడ విడివడి వెళ్లిపోతుంది. తరువాత అతనికి అడ్డుపడుతుంది. చివరకు ఆ నీడ కత్తి పట్టి ఎదురు నిలిచినప్పుడు, దానిని కొట్టిన దెబ్బ కొట్టినవానికే తగులుతుంది. కత్తిని ఒరలో పెట్టి ముందుకు నడిస్తే నీడ అతనిలో కలిసిపోతుంది. కంప్యూటరు మెమరీలో మరొక పాత్రకు చోటు లేక, ఉన్న బొమ్మనే కొద్దిగా మార్చి మెక్నర్ ఈ నీడను సృష్టించాడు. సమృద్ధిలో ఇటువంటి కల్పన పుట్టి ఉండేది కాదేమో!

2003లో యూబీసాఫ్ట్ సంస్థ మాంట్రియల్ శాఖ ‘సాండ్స్ ఆఫ్ టైమ్’ను తెచ్చింది. దాని కథారచన కూడా మెక్నరుదే. ఒక భారతీయ మహారాజు కోటపై పారశీకుల దాడితో కథ మొదలవుతుంది. నాయిక ఫరా ఆ మహారాజు కుమార్తె, విలువిద్యలో ఆరితేరినది. కాలాన్ని వెనుకకు తిప్పగల బాకు రాకుమారునికి దొరుకుతుంది. దూకబోయి జారిపడితే ఆటగాడు ఆ పాటును రద్దు చేసుకోవచ్చు. ఆట యావత్తూ రాకుమారుడు ఎవరికో చెబుతున్న కథగా సాగుతుంది. నడుమ ఆటగాడు చనిపోతే, అలా జరగలేదని కథకుడే సర్దుకొంటాడు. వింటున్నది ఫరాయేనని చివర తెలుస్తుంది. కాలం వెనుకకు మరలినందువల్ల అప్పటికి ఆమెకు అతడెవరో తెలియదు. ఆడే తీరు, కథ చెప్పే తీరు ఇంతగా ఒకటైన ఆటలు అరుదు.

2004 నాటి ‘వారియర్ వితిన్’లో స్వరం పూర్తిగా మారింది. చావవలసినవాడు బతికాడు గనుక, కాలానికి కాపరి అయిన దహాకా అనే భూతం రాకుమారుని వెంటాడుతుంది. నెత్తురు పెరిగింది, రాక్ సంగీతపు హోరు పెరిగింది. ఆ పోకడ, ఆ హింస తనకు రుచించలేదని మెక్నర్ బహిరంగంగానే చెప్పాడు. అయినా కత్తిసాములోని వైవిధ్యంలో ఇది ముందుటి ఆటను మించింది. దహాకా కనబడితే మాత్రం పరుగే శరణ్యం. సావిత్రి యముని వెంట నడిచి మాటతో గెలిచింది; ఇక్కడ కాలమే మనిషి వెంట పడుతుంది, అతనికి మాట తోచదు. ఈ ఆటను అద్భుతకథ కాలేదని నిందించడం మండను కొమ్ము కాలేదని నిందించడమే. దాని అసలు లోపం వేరు. భయాన్ని కలిగించగలిగిన శిల్పులు ఆ భయాన్ని నమ్ముకోక, పైన కేకలను చేర్చారు.

2005లో వచ్చిన ‘టూ థ్రోన్స్’ బాబిలోను నగరానికి మరలివచ్చిన రాకుమారుని కథ. అతనిలోనే ఒక చీకటి రాకుమారుడు పుట్టి, ఎకసెక్కాలాడుతూ ఉంటాడు. తుది ఘట్టంలో వానిని కత్తితో గెలవడం సాధ్యం కాదు. ఫరా పిలుపు విని, వానిని వెనుక వదిలి వెలుగు వైపు నడిచిపోవాలి. 1989 నాటి నీడ గుర్తున్నవారికి ఇక్కడ ఒక ప్రశ్న కలగాలి. ఆనాడు తన నీడను తనలో కలుపుకొన్న వీరుడు ఈనాడు దానిని విడిచిపెట్టాడు. ఏది గెలుపు? మొదటిదే లోతైనదని చెప్పవచ్చు. కత్తి దించే ఒక్క చేష్టతో, మాట లేకుండా అది ఆ భావాన్ని పలికించింది. కాదనేవారికీ ఆధారాలు దొరుకుతాయి. ‘సూపర్’, ‘వేస్ట్’ అనే మాటలతో ఈ చర్చ మొదలే కాదు.

తెలుగు సాహిత్యానికి ఇటువంటి చర్చ అలవాటే. మహాభారతాన్ని ముగ్గురు కవులు మూడు వేర్వేరు శతాబ్దాలలో తెలిగించారు. 11వ శతాబ్దిలో నన్నయ ఆది, సభా పర్వాలను పూర్తిచేసి అరణ్యపర్వం నడుమ ఆగాడు. 13వ శతాబ్దిలో తిక్కన విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలు రచించాడు. మిగిలిన అరణ్యపర్వశేషాన్ని 14వ శతాబ్దిలో ఎఱ్ఱన పూరించి, నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. ఇంతకుముందు చెప్పిన సావిత్రి కథ ఎఱ్ఱన భాగంలోనిదే. ముగ్గురిలో ఎవరు గొప్ప అని పంతం పట్టినవారి మాటలు నిలవలేదు. నన్నయ అక్షరరమ్యతను, తిక్కన సంభాషణలలోని నాటకీయతను, నన్నయ శైలిలో ఆరంభించి మెల్లగా తిక్కన శైలిలోకి జారే ఎఱ్ఱన నేర్పును పద్యాల ఆధారంతో చూపినవారి మాటలు నిలిచాయి.

వీడియో ఆటను భారతంతో సమానం చేయడం ఇక్కడి ఉద్దేశం కాదు. చూడవలసింది విద్యార్థి పరిస్థితిని. తిక్కన నాటకీయతను గూర్చి అతడు కంఠస్థం చేసిన వాక్యాలను పరీక్షలో రాస్తాడు. తాను స్వయంగా గంటల తరబడి అనుభవించిన ఆటను గూర్చి నాలుగు తెలుగు వాక్యాలు రాయమంటే కలం ఆగిపోతుంది. మొదటి అభిప్రాయం అరువు తెచ్చుకొన్నది. రెండవది సొంతమే గాని మాట దొరకనిది. తరగతి గదులు ఆ రెండవదానిని సాధారణంగా అడగవు. అడగకపోవడం వల్ల అతడు తన తీర్పుకు విలువ లేదనుకొంటాడు. తెలుగు అందుకు పనికిరాదని కూడా అనుకొంటాడు. మొదటి నష్టం అతనిది, రెండవది భాషది.

ఈ పోలికలలో మరొక చిక్కు ఉంది. ఎవరు ఏ ఆటను మొదట ఆడితే వారికి అదే ఉత్తమంగా తోస్తుంది. స్నేహితుల సందడి, ఇంట తెలియకుండా గడిపిన మధ్యాహ్నాలు ఆట గుణాలుగా చెలామణి అవుతాయి. 2020లో ‘సాండ్స్ ఆఫ్ టైమ్’ను పుణే, ముంబై శాఖలలో తిరిగి నిర్మిస్తున్నట్లు యూబీసాఫ్ట్ ప్రకటించినప్పుడు, బొమ్మలు బాగాలేవని అభిమానులు దుమ్మెత్తిపోశారు. 2022లో ఆ పని మాంట్రియల్‌కు మారింది. 2026 జనవరిలో దానిని రద్దు చేశారు. బొమ్మలలో లోపాలు లేకపోలేదు. అయితే తమ జ్ఞాపకంలోని 2003 ఆటతో ఏ కొత్త రూపం పోటీపడగలదో చెప్పగలిగిన అభిమానులు తక్కువ.

2024 నాటి ‘ది లాస్ట్ క్రౌన్’లో కథానాయకుడు రాకుమారుడు కాడు, సర్గాన్ అనే యోధుడు. చెరపట్టబడిన రాకుమారుని వెదకి తెచ్చే పని ఇతనిది. 1989లో చెరను విడిపించినవాడే ఇప్పుడు చెరలో ఉన్నాడు. ఈ తారుమారును మెచ్చినవారూ ఉన్నారు, ఇది ఆ శ్రేణికే చెందదని అలిగినవారూ ఉన్నారు. రూపురేఖలను, పోరాటాలను పోల్చే తొందరలో చాలామంది దాటిపోయిన విషయం ఒకటి ఇందులో ఉంది. ఈ ఆటలోని సంభాషణలను పారశీక భాషలో వినవచ్చు. పారశీక రాకుమారుని పేర వెలసిన శ్రేణి ఆ భాషలో గొంతు విప్పడానికి 35 సంవత్సరాలు పట్టింది.